కారణానికి ముందే వచ్చిన భయం

బహుశా భయానికి ఆకారం ఉండదేమో, దిక్కు మాత్రమే ఉంటుందేమో, అనుకుంటోంది మేదిని, ఆ ఉదయం ఆరో సాక్షి భయరేఖను వేలితో పక్కకు జరుపుతూ. ఒకే ఆటలో నలభై ఒక్క వేల మంది ఒకే మెట్లు దిగారు, మెట్ల కింద ఒకే తలుపు తోశారు. ఆ తలుపు రంగు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోటి. ఒకాయనకి ఆకుపచ్చ, ఇంకొకాయనకి తుప్పు, ఒకావిడకి అచ్చంగా తన చిన్నప్పటి హాస్టల్ బాత్రూం తలుపు. కానీ తోసేటప్పుడు అందరి భుజాలూ కొద్దిగా ఎడమవైపుకే తిరిగాయి. కళ్ళు మరిచిపోయినదాన్ని భుజం దాచుకుంటుంది. ఇది ఎక్కడైనా రాసుకోవాలి. రాసుకోదు. ఆరేళ్ళుగా ఇలాంటివి చాలా తోచాయి, ఒక్కటీ రాసుకోలేదు. జ్ఞాపకాల్ని వడపోసే యంత్రానికి, జల్లెడకి, కావలసిన గడులు వేరు.

గడులు నాలుగు. శబ్దం, రూపం, చీకటి, ఆకస్మికం. సాక్షి స్మృతిపీఠం మీద కూర్చుని ఆటను గుర్తు చేసుకుంటాడు. అతనికి గుర్తొచ్చే దృశ్యం తెర మీద పొగలా కదులుతుంది. దాని కింద భయరేఖ నడుస్తుంది. రేఖ ఎక్కడ లేచినా దానికి ఈ నాలుగింటిలో ఒక కారణం చూపించాలి. చూపిస్తే జల్లెడ ఆ జ్ఞాపకాన్ని మిగతా వేల జ్ఞాపకాలతో కలుపుకుంటుంది. కారణం కన్నా ముందే రేఖ లేస్తే, జరగబోయేది ముందే తెలిసిన మనిషి దాన్ని తర్వాతెప్పుడో అల్లుకున్నాడని అర్థం. జల్లెడ దాని మీద ఎర్రగా ఒక మాట వేస్తుంది: కల్పన.

తాళాల ఏడాదిలో, ఆటలకి అనుమతి ఇచ్చే సర్వర్లు ఆగిపోయినప్పుడు పాత ఆటలన్నీ ఒకేసారి తెరుచుకోవడం మానేశాయి. డిస్కులు అంతకుముందే పాడైపోయాయి. ఇక మిగిలింది ఆడినవాళ్ళు. వాళ్ళిప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. విజయనగరం శివార్లలో మూతబడిన జనపనార మిల్లులో ఈ కేంద్రం పెట్టినప్పుడు మొదట అడిగి వచ్చింది గ్రిమ్‌వెల్ అభిమానులే. నాలుగు భాగాల ఆట. భూమిలోకి ఆరంతస్తులు దిగిన ఒక ఆసుపత్రి, చేతిలో తుపాకీ, ముందు చీకటి. ఆడేవాడి ముఖం ఎప్పుడూ కనబడదు, తుపాకీ పట్టుకున్న చేతులే కనబడతాయి. ఇంతమంది ముసలివాళ్ళు ఇంత ఇష్టంగా ఒక భయం గురించి మాట్లాడటం మేదిని మొదట్లో వింతగా చూసేది. తను ఏ ఆటా ఆడలేదు. గ్రిమ్‌వెల్‌ని ఆమె, ఎప్పుడూ వెళ్ళని ఊరిని ఉత్తరాల ద్వారా తెలుసుకున్నట్టు తెలుసుకుంది. భయం మనిషి ఒంటరిగా పడేదని చదువుకుంది. ఆరేళ్ళ పనిలో ఆ చదువుకి అడ్డొచ్చింది ఏదీ కనబడలేదు.

రెండో భాగం సమ్మతి ప్రతికి, అంటే జల్లెడ ఒప్పుకున్న జ్ఞాపకాలన్నీ కలిపి తిరిగి కట్టిన ఆటకి, ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ముద్ర పడాలి. ముద్ర పడ్డాక అందులో ఒక్క మెట్టు కూడా మార్చలేరు. రేపటి పిల్లలకి గ్రిమ్‌వెల్ అంటే అదే.

చివరి సాక్షి మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చాడు. పేరు సింహాద్రి, డెబ్బై ఆరేళ్ళు, బొబ్బిలి. పీఠం మీద ఆయనకిది మూడో పఠనం. మూడుకి మించి ఎవరికీ అవకాశం లేదు. ఆయన ఇస్త్రీ చొక్కా జేబులోంచి రెండు ఉత్తరాలు తీసి, పీఠం మీద కూర్చోకముందే బల్ల మీద పరిచాడు.

"ఇయి మీరు పంపినయే గదమ్మా. రెండిట్లోనూ ఒకటే మాట."

"అది మిమ్మల్ని ఉద్దేశించి రాసింది కాదండీ. రేఖ గురించి."

"రేక నాదే గదా. మా ఈదిలో బడ్డీ కొట్టు కుర్రోడు ఇది సదివినకాడ్నుంచి నన్ను కతల తాతా అని పిలస్తన్నాడు. టీ అడిగితే, ఇది నిజం టీయా కల్పన టీయా అంటాడు."

మేదినికి నవ్వొచ్చింది, కానీ ఆయన నవ్వలేదు.

"ఈ పాలీ తప్పితే?"

"నాలుగింటికి ముద్ర పడిపోతుందండీ."

"అయితే ఆరో అంతస్తులో మేం నడిసిన తోవ ఆటలో ఉండదు. ఆ చివర తలుపూ ఉండదు."

"సమ్మతి ప్రతిలో అది గోడండీ. తలుపు బొమ్మ గీసిన గోడ. నలభై ఒక్క వేల మందిలో ఒక్కరు కూడా దాన్ని తెరవలేదు. అందరూ అక్కడే చచ్చిపోయారు. ఆట అలాగే ముగుస్తుంది."

సింహాద్రి ఉత్తరాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు ఆడే పిల్లలు ఎంత సేపు ఆడినా బైటికి రారన్నమాట," అన్నాడు. తర్వాత నాడిని చదివే పట్టీని తలకి తనే పెట్టుకున్నాడు.

మేదిని అద్దం వెనక్కి వెళ్ళింది. పఠనగదిలో రెండో మనిషి నాడి ఉండకూడదు, ఒకరి జ్ఞాపకం ఇంకొకరికి అంటుకుంటుంది. తెర మీద ఆరో అంతస్తు లేచింది. పలకలు ఊడిన నేల, రెండు మంచాలు, ఊగే దీపం. సింహాద్రి జ్ఞాపకం చాలా శుభ్రంగా ఉంది. అడుగులు తప్పడం లేదు. మంచానికీ మంచానికీ మధ్య ఎంత దూరమో ఆయన కాళ్ళకి తెలుసు. వరండా మలుపు దగ్గర భయరేఖ నిటారుగా లేచింది. ఆ తర్వాత దృశ్యం వెనక్కి తిరిగింది, అప్పుడు కనబడ్డాడు, ఆటగాళ్ళంతా పొడుగోడు అని పిలుచుకునే ఆ ఆకారం. భయానికీ రూపానికీ మధ్య సెకనులో పదింట ఏడు పాళ్ళు. క్రితం రెండు పఠనాల్లోనూ అదే ఏడు పాళ్ళు. జల్లెడ ఎర్రగా అయింది.

అబద్ధం ఆడేవాడికి ప్రతిసారీ ఒకే తేడా రావడం ఎలా సాధ్యం, అనుకుంది మేదిని. అల్లుకున్న భయం ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ జరుగుతుంది. ఇది గడియారంలా ఉంది. ఆమె తెర మీంచి చూపు తీసి, ఎందుకో తెలియకుండానే, అద్దంలోంచి మనిషిని చూసింది. ఆరేళ్ళుగా ఆమె రేఖల్నే చూసింది. మనుషుల చేతులు చూడటం ఆమె పని కాదు.

సింహాద్రి ఎడమచేతి వేళ్ళు పీఠం చెక్క మీద చకచకా ఆడుతున్నాయి. కుడిచెయ్యి ఒళ్ళో పడుకుని ఉంది.

ఆమె మైకు నొక్కింది. "సింహాద్రిగారూ, మీ కుడిచెయ్యి ఏం చేస్తోంది?"

"ఏటి సేస్తాది? దానికేటి పని?" కళ్ళు తెరవకుండానే అన్నాడాయన. "ఎలక మా అప్ప కాడ గదా ఉంది."

మేదిని పఠనాన్ని మూయకుండా ఆపి, తలుపు తీసుకుని లోపలికి వచ్చింది. "మౌసు మీ అక్కగారి దగ్గర ఉండటమేమిటి?"

ఆయన ఆమె కేసి అలా అడుగుతుందేమిటన్నట్టు చూశాడు. "మా బొబ్బిలి నెట్ సెంటర్లో మూడే కంప్యూటర్లు. పిల్లలం ముప్పై మంది. తగూలు పడతన్నామని ఓనరు రూలు పెట్టాడు, కంప్యూటర్‌కి ఇద్దరు, ఒకలికి కీబోర్డు, ఒకలికి ఎలక. కీబోర్డోడు నడస్తాడు. ఎలక పట్టుకున్నోడు సూస్తాడు, పేలస్తాడు. ఆటలో నాకు తల తిప్పడం నేదు. అప్పకి కాళ్ళు నేవు. అలగే నాలుగు భాగాలూ ఆడీసినాం."

"మొదటి పఠనంలోనే ఇది చెప్పి ఉండాల్సింది కదండీ."

"సెప్పడానికి ఏటుందమ్మా? అందరూ అలగే ఆడతారనుకున్నాను." ఆయన ముఖంలో మొదటిసారి అనుమానం కనిపించింది. "కాదా ఏటి?"

"కాదండీ. రెండూ ఒక్కరే పట్టుకుంటారు."

"ఒక్కలేనా," అన్నాడు సింహాద్రి. "పాపం మరి ఆళ్ళకి భయం ఎయ్యదా?"

మేదిని ఆయన కుడిచేతి కేసి చూసింది. "మీ అక్కగారు ఇప్పుడు..."

"బైట కూకుంది. తోడొచ్చింది. మూడు పాల్లూ వచ్చింది."

నిరీక్షణశాలలో ఒక్కతే ఉంది ఆవిడ. గౌరీశ్వరి, సింహాద్రి కన్నా రెండేళ్ళు పెద్ద. గోడ మీద పెట్టిన సాక్షుల నిబంధనల బోర్డుని కళ్ళజోడు పైకెత్తి పట్టుకుని చదువుతోంది. మేదినిని చూసి, "అయిపోనాదా? ఏటన్నారు, మళ్ళీ అదేనా?" అంది.

"అమ్మా, మీరు గ్రిమ్‌వెల్ ఆడారా?"

"నేనా? నానేటి ఆడతాను. మా తమ్ముడే. నేను పక్కన కూకునేదాన్ని."

"తుపాకీ ఎవరు పేల్చేవారు?"

"నేనే."

"ఎటు చూడాలో ఎవరు చూసేవారు?"

"అదీ నేనే. ఆడు సూస్తే ఆమడ దూరంలో దెయ్యం కనిపించినా కళ్ళు మూసీసుకుంటాడు."

"మరి మీరు ఆడినట్టే కదమ్మా."

గౌరీశ్వరి కళ్ళజోడు కిందికి దించుకుంది. "నడిసింది ఆడు గదమ్మా," అంది. "నడిసినోడిదే గదా ఆట."

అరవై ఏళ్ళుగా ఇద్దరు మనుషులు ఆ ఆటని ఎదుటివాళ్ళదే అనుకుంటూ వచ్చారు. ఆయన కనీసం సాక్ష్యం ఇవ్వడానికి వచ్చాడు. ఆవిడ్ని ఎవరూ అడగలేదు, ఆవిడ బోర్డు చదువుకుంటూ మూడుసార్లు ఈ బెంచీ మీదే కూర్చుంది. ఆ ఏడు పాళ్ళు ఎక్కడివో మేదినికి అప్పుడే తోచింది. తోచడం వేరు, చూడటం వేరు.

గోడలోంచి వరాహమూర్తి గొంతు వచ్చింది. ఆయన కేంద్రం అధికారి. పై అంతస్తు నుంచి అన్ని గదుల నాడులూ ఆయనకు కనబడతాయి. "మేదినీ, ఆ పఠనం ఎందుకు తెరిచి ఉంచావు? ఎరుపు వచ్చిందిగా."

"ఇంకో మనిషిని లోపలికి తీసుకెళ్తున్నానండీ."

"రెండో నాడి లోపలికెళ్తే పఠనం చెల్లదు. నీ లైసెన్సు మీదా పడుతుంది. తెలుసు కదా."

"తెలుసండీ."

"టైము మూడూ పది. నాలుగింటికి నాకు ముద్ర కావాలి. ఈలోపు నువ్వు ఏ పేరంటం చేసుకున్నా నేను చూడలేదు."

రెండో పట్టీ లేదు. పరికరాన్ని సరిచూడటానికి మేదిని ప్రతి ఉదయం తను పెట్టుకునే పట్టీ ఉంది. దాన్ని వదులు చేసి గౌరీశ్వరి తలకి కట్టింది. గదిలోకి బయటి కుర్చీ ఒకటి లాక్కొచ్చింది. ఆవిడ కూర్చుని, కుర్చీని సింహాద్రి కుడిపక్కకి జరిపి, ఇంకా జరిపి, తమ్ముడి భుజానికి తన భుజం తగిలాక ఆపింది.

"కుదురుగా కూకో ఒరే సిమ్మాద్రీ. మోచెయ్యి పొడస్తన్నావు."

"నువ్వే మీద పడిపోతన్నావు అప్పా. అప్పుడూ ఇంతే."

"అప్పుడు నువ్వు బక్కపీనుగువి. ఇప్పుడు సూడు."

తెర మీద ఆరో అంతస్తు మళ్ళీ లేచింది. ఈసారి పొగ కాదు. సింహాద్రి జ్ఞాపకంలో నేల ఎంత గట్టిగా ఉందో, గౌరీశ్వరి జ్ఞాపకంలో గోడలు, పైకప్పు, మూలలు అంత గట్టిగా ఉన్నాయి. ఆయనకు గుర్తులేనిదంతా ఆవిడకు గుర్తుంది. వరండా మలుపు వచ్చింది. మేదిని ఇప్పుడు రెండు రేఖల్ని చూస్తోంది, రెంటి కిందా నడిచే ఊపిరి గీతల్ని కూడా చూస్తోంది. గౌరీశ్వరి ఊపిరి ఆగింది. వెంటనే సింహాద్రి భయరేఖ నిటారుగా లేచింది. ఆ తర్వాత ఆవిడ కుడిచెయ్యి కదిలింది, దృశ్యం వెనక్కి తిరిగింది, పొడుగోడు కనబడ్డాడు. ఏడు పాళ్ళు.

వెనక్కి తిరగాలని నిర్ణయించుకున్న మనిషి తిరిగే ముందు ఊపిరి బిగబట్టింది. భుజం పక్కన భుజం ఉన్నవాడికి తెర కన్నా ముందు ఆ సంగతి తెలిసింది. అంతే. ఇందులో అల్లిక ఏమీ లేదు.

"పేల్చకు అప్పా," అన్నాడు సింహాద్రి. కళ్ళు మూసుకుని పదహారేళ్ళ గొంతుతో అన్నాడు.

"పేల్చను. ఆడు కదల్డం నేదు. నేను సూస్తన్నంతసేపూ కదల్డు. నువ్వు ఎనక్కి నడు."

"ఎనకేటుందో నాకు కనబడదు."

"నాకూ కనబడదు. నడు."

ఆయన నడిచాడు. మేదిని తెర మీద పొడుగోడు నిలబడిన చోటే నిలబడి చిన్నవాడైపోతున్నాడు. నలభై ఒక్క వేల మంది ఇక్కడ తుపాకీ పేల్చారు, లేదా తిరిగి పరుగెత్తారు, చచ్చిపోయారు. గౌరీశ్వరి భయరేఖ గది పైకప్పుని తాకుతున్నంత ఎత్తులో ఉంది, ఒక్కసారీ దిగలేదు. చూపు తిప్పకూడని మనిషి రేఖ అది. సింహాద్రి రేఖ మాత్రం, వెనక ఏముందో తెలియకుండా చీకట్లోకి వీపు పెట్టి నడుస్తున్నవాడి రేఖ, మెల్లగా దిగి దాదాపు నేలకి ఆనింది. ఈ రెండో విషయానికి మేదిని దగ్గర ఏ చదువూ లేదు.

"ఎడం," అంది గౌరీశ్వరి.

"ఎడమేనా?"

"మంచం దాటీసినావు. ఎడమే."

"నువ్వు మొదట సెప్పనే నేదు."

"సెప్పినాను. నీకు ఇనిపించి సచ్చిందా."

వీపుకి ఏదో తగిలింది. గోడ మీద గీసిన బొమ్మ వెనక్కి ఒరిగింది. దృశ్యం ఇంకా పొడుగోడినే చూస్తోంది. అతని చుట్టూ ఉన్న చీకటి అంచులకి మాత్రం ఒక పసుపు రంగు పాకింది. తలుపు మూసుకుంది. అప్పుడు ఆవిడ చెయ్యి తిరిగింది. ఆసుపత్రి వెనక పెరడు. పొద్దున్న. తీగ మీద ఎవరివో ఉతికిన దుప్పట్లు ఆరేసి ఉన్నాయి, గాలికి కదులుతున్నాయి. ఇంకేమీ లేదు. ఆ ఆట తయారుచేసిన ఎవరో ఒక మనిషి, ఎవరూ రారని తెలిసీ, కూర్చుని ఆ దుప్పట్లకి మడతలు దిద్దాడు.

"ఇదే," అన్నాడు సింహాద్రి కళ్ళు తెరిచి. "సూసినావా అమ్మా. ఇదే నేను సెప్పింది."

"చూశానండీ."

జల్లెడ ఎర్రగా అయింది. రెండు నాడులు, చెల్లదు. భయం కారణానికి ముందు, కల్పన.

మేదిని అద్దం వెనక్కి వెళ్ళి తోసిపుచ్చిన సాక్ష్యాల కొట్టు తెరిచింది; ప్రతి రేఖతో పాటు పఠనగది చిత్రం కూడా అందులో ఉంటుంది, ఎవరూ చూడరు. వెతకవలసింది ఏమిటో ఇప్పుడు తెలుసు: కారణానికి ముందు లేచిన రేఖ, కదలని ఒక చెయ్యి. మూడు వేల నూట పదహారు వచ్చాయి. బొబ్బిలివి పదకొండు. రాయగడ, పాలకొండ, అక్కణ్ణుంచి ఎక్కడెక్కడో, మనీలా, లీమా. కొందరికి కుడిచెయ్యి పడుకుని ఉంది, కొందరికి ఎడమది. పిల్లలు ఎక్కువ, కంప్యూటర్లు తక్కువ ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఇదే రూలు పెట్టినట్టున్నారు. అందరికీ ఉత్తరాలు వెళ్ళాయి. అందరి ఉత్తరాల్లోనూ ఒకటే మాట. వాటిలో చాలా వాటి మీద మేదిని సంతకం ఉంది.

"మూడూ నలభై," అన్నాడు వరాహమూర్తి గోడలోంచి.

"ముద్ర వెయ్యలేనండీ. ఇంకో కారణం ఉంది."

"గడులు నాలుగే."

"ఐదోది కలపాలి."

"ఐదోది కలిపితే ఏమవుతుందో తెలుసా? ఈ ఒక్క ఆట కాదు. ఇప్పటిదాకా ముద్ర వేసినవి రెండొందల పై చిలుకు. జల్లెడ అన్నిటినీ మళ్ళీ తెరుస్తుంది. పదకొండేళ్ళ పని తల్లీ. మన పెద్దలు కట్టిన గోడలన్నీ కదులుతాయి."

"కొన్ని తలుపులేమోనండీ."

"నాతో కవిత్వం చెప్పకు. నేను సంతకం పెట్టను."

"గడి కలపడానికి సమన్వయకర్తగా నా ఒక్క సంతకం చాలని నిబంధనలో ఉందండీ."

"ఉంది. ఇంతవరకూ ఎవరూ వాడలేదు." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "ఆ దుప్పట్లు నేనూ చూశాను. పై నుంచి కనబడతాయిగా. కానీ రేపు పొద్దున్న నన్ను అడిగితే, నీ పేరే చెప్తాను."

"చెప్పండి."

గోడ ఆగిపోయింది. అద్దం అవతల అక్కా తమ్ముడూ పట్టీలు విప్పుకుంటున్నారు. ఆవిడ పట్టీ ఆయన చొక్కా గుండీకి తగులుకుంది, ఇద్దరూ ఒకరి చేతుల్ని ఒకరు తోసేస్తూ దాన్ని విడదీస్తున్నారు. తమకి మళ్ళీ ఎరుపే వచ్చిందని వాళ్ళకి తెలుసు. అయినా సింహాద్రి ఏదో చెప్తూ నవ్వుతున్నాడు. ఆవిడ మోచేత్తో ఒకటి ఇచ్చింది.

మేదిని గడుల పట్టిక తెరిచింది. నాలుగు మాటలు, వాటి కింద ఖాళీ. కొత్త కారణం, అని అడిగింది జల్లెడ, ఒకటి లేదా రెండు మాటల్లో. ఊపిరి అని రాస్తే సరిపోదు, ఊపిరి ఆ భయం ప్రయాణం చేసిన దారి మాత్రమే. నమ్మకం అని రాయబోయి ఆగింది, అది భయం దిగడానికి కారణం, లేవడానికి కాదు. కానీ ఆ దిగడానికి కారణం కూడా అదే కుర్చీలో కూర్చుని ఉంది. లేచినా దిగినా ఒకటే కారణం ఉండటం జల్లెడకి నచ్చకపోవచ్చు. నచ్చకపోతే అది అడుగుతుంది, తను జవాబు చెప్తుంది. రేపు, ఎల్లుండి, మూడు వేల నూట పదహారు సార్లు. ఆ ఆలోచనకి అలసట రాలేదు.

మూడూ యాభై రెండు. కింద తన పేరు పూర్తిగా టైపు చేసింది, అరబోయిన మేదిని. తర్వాత పట్టికలో పైకి వచ్చి, ఖాళీ గడిలో రెండు మాటలు పెట్టింది: పక్కనున్న మనిషి. ఒకసారి చదువుకుని, నొక్కింది.